కారణాలు మార్చుకుంటూ వచ్చిన నడికట్టు

కాన్పు తరవాత పొట్టకు కట్టే కట్టు వైద్యంలో ఒక వింత వస్తువు. మామూలుగా ఒక సాధనం వెనకున్న సిద్ధాంతం తప్పని తేలితే సాధనం కూడా మూలపడుతుంది. నడికట్టు విషయంలో అలా జరగలేదు. గడిచిన నూట యాభై, రెండు వందల ఏళ్ళలో దానికి ఆధారంగా చెప్పిన సిద్ధాంతం కూలినప్పుడల్లా ఇంకొకటి వచ్చి ఆ చోట నిలిచింది. మొదట అది రక్తస్రావం ఆపుతుందన్నారు. తరవాత కిందికి జారిన పేగులను ఎత్తి పడుతుందన్నారు. ఇంకొన్నాళ్ళకు ఒంటి తీరు నిలుపుతుందన్నారు. ఇప్పుడు విడిపోయిన పొట్ట కండరాలను కలుపుతుందంటున్నారు. పాత నూలు చీర చింపి కట్టిన రోజుల నుంచి మందుల షాపులో అట్టపెట్టెలో అమ్మే ఎలాస్టిక్ బెల్టు దాకా వస్తువు చేసే పని మాత్రం ఒక్కటే. సాగిపోయి, నొప్పిగా ఉన్న పొట్ట గోడకు కొన్నాళ్ళు బయటినుంచి ఆసరా ఇస్తుంది. ఆ పని చిన్నదేమీ కాదు. అయితే దానికి అంటగట్టిన మిగతా పనుల కోసం డబ్బు పోసి, ఊపిరాడనంతగా బిగించుకుని, చివరికి పొట్ట తగ్గలేదని బాధపడే బాలింతలు చాలామంది. ఈ సాధనం ఎలా పుట్టి పెరిగిందో చూస్తే, దాన్ని ఎందుకు కొనాలో, ఎందుకు కొనకూడదో తేల్చుకోవడం సులువవుతుంది.

కట్టుకునే ఆచారం ఒక దేశానిది కాదు. మలయా, ఇండోనేషియా ప్రాంతాల్లో బెంగ్‌కుంగ్ అనే పొడవాటి బట్టను తుంటి దగ్గర మొదలుపెట్టి పక్కటెముకల దాకా చుట్లు చుట్లుగా కడతారు. మెక్సికోలో ఫాహా ఉంది. జపాన్‌లోనైతే గర్భం అయిదో నెలలోనే పొట్టకు కట్టు మొదలవుతుంది. మన ఇళ్ళలో మంత్రసానో, అమ్మమ్మో బాలింతను పడుకోబెట్టి మెత్తబడిన పాత చీరను బిగించి కట్టేవారు. కట్టకపోతే ఖాళీ అయిన పొట్టలో గాలి చేరుతుందనీ, పొట్ట వేలాడిపోతుందనీ చెప్పేవారు. పడమటి వైద్యానికీ ఇది కొత్త కాదు. జర్మనీలోని ఉల్మ్ నగరానికి చెందిన యోహానెస్ స్కుల్టెటస్ అనే శస్త్రవైద్యుడి గ్రంథం, అతను పోయిన పదేళ్ళకు, 1655లో అచ్చయింది. ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరిచిన ఎన్నో గుడ్డపట్టీలతో చేసే కట్టు అతని పేరుతో నిలిచిపోయింది. రోగిని ఎత్తి తిప్పే పని లేకుండా కావలసిన పట్టీని విప్పి గాయం చూసి మళ్ళీ మూయగలగడం అందులోని తెలివి. ఇరవయ్యో శతాబ్దంలో కూడా అమెరికా నర్సుల పాఠ్యపుస్తకాల్లో ఆ కట్టు ఉంది, కాన్పు తరవాతా కట్టేవారు.

పంతొమ్మిదో శతాబ్దపు ప్రసూతి వైద్యులు దీన్ని పట్టుకోవడానికి కారణం భయం. మాయ పడ్డాక గర్భసంచి గట్టిపడకుండా మెత్తగా ఉండిపోతే రక్తం ధారకడుతుంది, నిమిషాల్లో ప్రాణం పోతుంది. చేతితో గర్భసంచిని నొక్కిపెడితే అది ముడుచుకుంటుందని వాళ్ళకు తెలుసు. చేతికి బదులు గుడ్డ నొక్కితే అదే పని జరుగుతుందనుకున్నారు. ఊహలో తప్పేమీ లేదు, లెక్కలోనే తప్పుంది. నడుము చుట్టూ కట్టిన పట్టీ లోపలికి ఎంత నొక్కుతుందో లాప్లాస్ సూత్రం చెబుతుంది. పట్టీని ఎంత బలంగా లాగామో దాన్ని, నడుము వ్యాసార్ధంతోనూ పట్టీ వెడల్పుతోనూ భాగించాలి. చుట్టుకొలత 100 సెంటీమీటర్లున్న నడుముకు, 23 సెంటీమీటర్ల వెడల్పు బెల్టును, మూడు కిలోల బరువు వేలాడదీసినంత గట్టిగా లాగి కట్టామనుకుందాం. నడుమును గుండ్రటి గొట్టంగా తీసుకుంటే లోపలికి పడే ఒత్తిడి సుమారు 6 మిల్లీమీటర్ల పాదరసం. మన బి.పి. కొలిచేది ఆ కొలతలోనే, అందులో పై అంకె 120 దగ్గర ఉంటుంది. అంత ఒత్తిడితో పరుగెత్తే రక్తాన్ని ఆరు మిల్లీమీటర్లు ఆపలేవు. చెయ్యి గర్భసంచి పైభాగాన్ని నేరుగా పట్టి నలపగలదు, దాన్ని ముడుచుకునేలా రెచ్చగొట్టగలదు. కట్టు ఆ బలాన్ని నడుం చుట్టూ పరిచేసి పలచన చేస్తుంది.

ఈ పనిని కట్టు నుంచి మందులు తీసుకున్నాయి. పిట్యూటరీ గ్రంథి సారం గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుందని హెన్రీ డేల్ 1906లో గమనించాడు. 1935లో ఎర్గోమెట్రిన్ వచ్చింది. 1953లో విన్సెంట్ డు వినో ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో తయారు చేశాడు, రెండేళ్ళకు నోబెల్ అందుకున్నాడు. నేడు బిడ్డ పుట్టగానే తల్లికి ఇచ్చే సూది ఆ మందుదే. అయితే పాత ఆశ పూర్తిగా చావలేదని చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. రక్తస్రావంతో షాక్‌లోకి వెళ్ళిన బాలింతకు చీలమండల నుంచి పొట్ట దాకా, కింది నుంచి పైకి బిగించే నియోప్రీన్ కవచం ఒకటి ఇప్పుడు వాడుకలో ఉంది. దాన్ని ప్రసూతి రంగంలో ప్రచారంలోకి తెచ్చినవారిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన స్యూలెన్ మిల్లర్ ముఖ్యురాలు. పెద్దాసుపత్రికి చేర్చేలోగా ప్రాణం నిలిపే తాత్కాలిక ఉపాయంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో దాన్ని సిఫారసు చేసింది. అది కలిగించే ఒత్తిడి 20 నుంచి 40 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, పైగా కాళ్ళలోని రక్తాన్ని గుండె వైపు తోస్తుంది. దాని మీద కూడా పరీక్షలు జరిగాయి. పరిశీలనల్లో గట్టి ఆశ కనిపించినా, జాంబియా, జింబాబ్వేల్లో చేసిన పరీక్షలో తేడా కచ్చితంగా తేలేంత పెద్దగా రాలేదు. ఒత్తిడి ఎంతో కొలిచి, ఎంతసేపు ఉంచాలో చెప్పి, ఫలితాన్ని లెక్కగట్టిన ఈ కవచాన్నీ, ఏ అంకే లేకుండా అమ్ముడయ్యే పొట్ట బెల్టునూ పక్కపక్కన పెట్టి చూడాలి. ముడిసరుకు రెండింటిదీ దాదాపు ఒకటే.

నడికట్టు జీవితంలో అన్నిటికన్నా విచిత్రమైన అధ్యాయం ఫ్రాన్స్‌లో జరిగింది. లియాన్ నగరపు వైద్యుడు ఫ్రాంట్జ్ గ్లెనార్ 1885లో ఎంటెరోప్టోసిస్ అనే జబ్బును ప్రకటించాడు. పొట్టలోని అవయవాలు, ముఖ్యంగా పేగులు, ఉండాల్సిన చోటు నుంచి కిందికి జారిపోతాయనీ, అజీర్తి, నీరసం, నడుంనొప్పి, చిరాకు అన్నిటికీ అదే మూలమనీ అతని వాదం. వరస కాన్పులతో పొట్ట వదులైన స్త్రీలలో ఇది ఎక్కువన్నారు. జబ్బును గుర్తించే పరీక్ష కూడా కట్టుతో ముడిపడినదే. వైద్యుడు రోగి వెనక నిలబడి రెండు చేతులతో పొత్తికడుపును పైకెత్తి పట్టుకుంటాడు. హాయిగా ఉందని ఆమె అంటే జబ్బు ఉన్నట్టు, మందు బెల్టు. వదులైన పొట్టను ఎవరు ఎత్తిపట్టినా కాసేపు హాయిగానే ఉంటుంది కదా! ఆ హాయి నిజం, దానికి చెప్పిన అర్థమే అబద్ధం. అయినా ఆ రోజుల్లో ఈ సిద్ధాంతం యూరప్‌లోనూ అమెరికాలోనూ అల్లుకుపోయింది. కిందికి జారిన కిడ్నీని కుట్టి నిలబెట్టే ఆపరేషన్లు కూడా చేశారు. దాన్ని కూల్చింది ఎక్స్‌రే. 1895లో రాంట్జెన్ కనిపెట్టిన ఆ కిరణాల ముందు మనుషులను పడుకోబెట్టీ నిలబెట్టీ ఫొటోలు తీస్తూ పోతే, ఏ జబ్బూ లేని యువతీ యువకుల్లో కూడా జీర్ణాశయం, పేగులు ఎంతో కిందికి ఉండవచ్చనీ, నిలబడితే జారి పడుకుంటే పైకి వస్తాయనీ తేలింది. 1920ల తరవాత జబ్బు పేరు మెల్లగా పాఠ్యపుస్తకాల నుంచి చెరిగిపోయింది.

బెల్టు వ్యాపారం మాత్రం అప్పటికే నిలదొక్కుకుంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని జాక్సన్ పట్టణంలో శామ్యూల్ క్యాంప్ కంపెనీ 1908 నుంచి పొట్ట, నడుం బెల్టులు చేసేది. తాడును చిన్న మెలికల గుండా తిప్పి, తక్కువ బలంతో ఎక్కువ బిగువు వచ్చేలా చేసిన అల్లిక దాని ప్రత్యేకత. సిద్ధాంతం బలహీనపడుతున్న కొద్దీ కంపెనీ కొత్త మాట ఎత్తుకుంది, అది నిలబడే తీరు. 1936లో జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి లోపలి అవయవాలన్నీ బయటికి కనిపించే పారదర్శక స్త్రీ బొమ్మను తెప్పించి అమెరికా మ్యూజియంలో నిలబెట్టింది. తరవాత దేశమంతటా భంగిమ వారోత్సవాలు జరిపించింది. సైన్సు కొట్టిన గండిని సైన్సు ప్రదర్శనతో పూడ్చారన్నమాట. ఇవాళ ప్రకటనల్లో ముందు, తరవాత అంటూ పక్కపక్కన పెట్టే రెండు పొట్టల ఫొటోలకు ఆ పారదర్శక బొమ్మే పూర్వీకురాలు అనిపిస్తుంది.

ఇంతలో వస్తువు నిజంగా మెరుగైన చోటు ఒకటి ఉంది, దాని ఘనత వైద్యులది కాదు, నేతగాళ్ళదీ రసాయన శాస్త్రజ్ఞులదీ. థామస్ హాంకాక్ 1820లోనే బట్టలకు రబ్బరు పట్టీలు పెట్టే పేటెంటు తీసుకున్నాడు. కానీ ఆ రబ్బరు చలికి బిరుసెక్కేది, ఎండకు జిగటగా మారేది. గంధకంతో కాచి రబ్బరును నిలకడగా చేసే పద్ధతికి 1844లో చార్ల్స్ గుడియర్ పేటెంటు పొందాక సాగే బట్ట వాడుకలోకి వచ్చింది. 1931లో నూలు చుట్టిన సన్నటి రబ్బరు దారం లాస్టెక్స్ వచ్చింది. 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ రబ్బరే లేని సాగే పోగు స్పాండెక్స్ చేశాడు. స్విట్జర్లాండ్‌లో జార్జ్ ద మెస్ట్రాల్ కుక్క బొచ్చుకు అంటుకున్న ముళ్ళకాయలను చూసి తయారుచేసిన వెల్క్రోకు 1955లో పేటెంటు దక్కింది. ఈ రెండూ కలిసిన రోజునే నేటి బెల్టు పుట్టింది. నూలు గుడ్డ సాగదు. అందుకే ఊపిరి పీల్చి పొట్ట ఉబ్బినప్పుడు బిగువు ఒక్కసారిగా పెరుగుతుంది, కూర్చుంటే వదులై ముడతలు పడుతుంది. ఎలాస్టిక్ ఊపిరితోపాటు సాగి, మళ్ళీ ముడుచుకుంటుంది. అంతకన్నా ముఖ్యం, చీరకట్టు బిగించడానికి ఇంకో మనిషి కావాలి, బిగువు ఎంతో ఆమె చేతిలో ఉంటుంది. వెల్క్రోతో ఆ పగ్గం బాలింత చేతికే వచ్చింది. కుట్టు మీద నొప్పి పుడితే రెండు వేళ్ళ మేర తనే సడలించుకోగలదు. నా లెక్కలో నడికట్టు చరిత్రలో జరిగిన అసలు ఆవిష్కరణ ఇదే.

మరి ఈ మెరుగైన సాధనం ఏం చేస్తుందని రుజువైంది? తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కాన్పుల్లో సిజేరియన్లు 21.5 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. పెద్దాపరేషన్ అయిన మనిషికి మొదటి వారంలో మంచం దిగడం, దగ్గడం, తుమ్మడం, నవ్వడం కూడా గండమే. దగ్గినప్పుడు కడుపులో ఒత్తిడి వంద మిల్లీమీటర్లు దాటగలదు. ఆరు మిల్లీమీటర్ల బెల్టు దాన్ని అడ్డుకోలేదు. అది చేసేది వేరు. కుట్టు వేసిన పొర అటూ ఇటూ కదలకుండా పట్టి ఉంచుతుంది. దగ్గేటప్పుడు దిండు అదుముకోమని నర్సులు చెప్పేదీ ఇందుకే. పొట్ట మీద పెద్ద ఆపరేషన్లు అయినవారిలో బెల్టు కట్టుకుంటే నొప్పి కొంత తగ్గి నడక మెరుగుపడవచ్చని కొన్ని పరీక్షలు చూపాయి, ఊపిరితిత్తుల పనికి చెప్పుకోదగ్గ చెరుపు కనబడలేదు. సిజేరియన్ల మీదే చేసిన పరీక్షల ఫలితాలు కలగాపులగంగా ఉన్నాయి. కొన్నింట్లో తొలి రోజుల నొప్పి తగ్గింది, కొన్నింట్లో తేడా ఏమీ లేదు. అంటే బెల్టు అందరికీ రాయాల్సిన మందు కాదు, కట్టుకుని చూసి హాయిగా ఉంటే ఉంచుకోవాల్సిన వస్తువు. ముందే లేచి నడవడం వల్ల కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. ఒకప్పుడు పడమటి దేశాల్లో బాలింతను పది రోజులకు తక్కువ కాకుండా మంచం మీదే ఉంచేవారు, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మంచాల కొరత కూడా తోడై ఆ పద్ధతి మారింది. బెల్టు ఒక మనిషిని ఒక రోజు ముందు నడిపించినా దాని ఖర్చు వసూలైనట్టే.

ఇక్కడ ఇంట్లోని పెద్దవాళ్ళ అభ్యంతరం వస్తుంది. తరతరాలుగా కట్టాం, పొట్టలు తగ్గాయి, కళ్ళముందు కనిపిస్తున్నదాన్ని కాదంటారా అని. తగ్గిన మాట నిజమే. కానీ కట్టకపోయినా తగ్గేదే. కాన్పు కాగానే గర్భసంచి దాదాపు కిలో బరువుంటుంది, పైభాగం బొడ్డు దగ్గర చేతికి తగులుతుంది. వారానికి అది సగమవుతుంది. రెండు వారాల్లోపే కటి ఎముకల మధ్యకు దిగిపోతుంది. ఆరు వారాలకు అరవై గ్రాముల చిన్న సంచి అవుతుంది. బిడ్డ పాలు తాగినప్పుడల్లా తల్లి ఒంట్లో విడుదలయ్యే ఆక్సిటోసిన్ దానికి తోడ్పడుతుంది. గర్భంలో ఒంట్లో చేరిన నీరు మూత్రంగా, చెమటగా పోతుంది. ఈ పనంతా జరిగే వారాల్లోనే నడికట్టు కూడా కడతారు కాబట్టి పేరు కట్టుకు వస్తుంది. కట్టినవారినీ కట్టనివారినీ పక్కన పెట్టి పోల్చే వీలు ఏ ఇంట్లోనూ ఉండదు, ఒక తల్లికి ఒక కాన్పులో ఒకే పొట్ట కదా. గాలి చేరడం అన్న భయానికి కూడా దేహంలో చోటు లేదు. గర్భసంచి ముడుచుకున్న కొద్దీ పక్కకు నెట్టబడ్డ పేగులు తిరిగి తమ చోటికి వస్తాయి, అక్కడ ఖాళీ గది అంటూ ఏదీ మిగలదు. పాత పద్ధతిలో నేను గౌరవించేది వేరొకటి ఉంది. కట్టు కట్టడానికి రోజూ ఒక పెద్దావిడ వచ్చేది, బాలింతను పడుకోబెట్టేది, ఒళ్ళు చూసేది, జ్వరమో వాపో ఉంటే ముందు ఆమె కంటనే పడేది. ఆన్‌లైన్‌లో వచ్చే పెట్టెలో ఆ మనిషి రాదు.

ఈ కాలపు అభ్యంతరం మరింత శాస్త్రీయంగా వినిపిస్తుంది. పొట్ట ముందు నిలువుగా ఉండే రెండు కండరాల మధ్య లీనియా ఆల్బా అనే పీచు పట్టీ ఉంటుంది, గర్భంలో అది సాగి కండరాలు దూరమవుతాయి, డయాస్టాసిస్ అని దానికి పేరు. బెల్టు వాటిని దగ్గరకు తోస్తుంది కాబట్టి అతుక్కుంటాయి అన్నది వాదం. నార్వేలో మొదటి కాన్పు స్త్రీలు 300 మందిని గర్భం నుంచే వెంట నడిచి చూసిన అధ్యయనం 2016లో వచ్చింది. రెండు వేళ్ళు పట్టే సందును హద్దుగా పెట్టుకుంటే, ఆరు వారాలకు 60 శాతం మందిలో ఈ ఎడం ఉంది. ఆరు నెలలకు 45.4 శాతం, ఏడాదికి 32.6 శాతం. మరో రెండు సంగతులు అందులోనే ఉన్నాయి. సందు ఉన్నవారికి నడుంనొప్పి ఎక్కువగా ఏమీ లేదు. కాబట్టి ఇది చాలామందిలో జబ్బు కాదు, గర్భం వదిలిన ఆనవాలు. రెండోది, ఏడాది గడిచినా మూడో వంతు మందిలో అది మిగిలింది, అంటే కాలమే అంతా చక్కదిద్దుతుందని చెప్పడమూ తప్పే. అయితే మిగిలినవారికి కావలసింది బలం. బెల్టు విప్పిన మరుక్షణం దాని తోపు పోతుంది, పీచు పట్టీకి బిగువు నేర్పదు. వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకెత్తే కర్ల్-అప్ వంటి వ్యాయామాలు సందును పెంచుతాయని చాన్నాళ్ళు భయపెట్టారు. 2023లో అదే నార్వేలో, డయాస్టాసిస్ ఉన్న స్త్రీలతో చేయించిన పరీక్షలో ఆ వ్యాయామం సందును పెంచలేదు, కండరాల బలాన్ని పెంచింది. పదిహేను వందలు పెట్టి బెల్టు కొనడం కన్నా ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకటి రెండు సార్లు వ్యాయామం నేర్చుకోవడం లాభమన్నది నా అభిప్రాయం. కానీ బెల్టును అట్టపెట్టెలో అమ్మవచ్చు, వ్యాయామాన్ని అమ్మడం కష్టం.

దీనికి ఎదురు దిక్కు నుంచి ఇంకో మాట వస్తుంది. బెల్టు కడితే కండరాలు సోమరులై పాడవుతాయి, అసలు కట్టనే వద్దని. రోజుకు కొన్ని గంటలు, నాలుగైదు వారాలు వాడినంత మాత్రాన కండరం కరిగిపోతుందనడానికి గట్టి సాక్ష్యం లేదు. లేచి తిరిగే మనిషి కండరాలు బెల్టు కిందా పనిచేస్తూనే ఉంటాయి. భయపడాల్సింది కింది వైపు గురించి. పొట్ట ఒక మూసిన సంచి, ముందు నుంచి అతిగా నొక్కితే ఆ ఒత్తిడి పైన ఊపిరికీ, కింద కటి అడుగున ఊయలలా ఉన్న కండరాలకూ పోతుంది. నార్మల్ డెలివరీలో అప్పటికే అవి సాగి నలిగి ఉంటాయి. దగ్గితే మూత్రం జారుతున్నా, కింద బరువుగా, ఏదో దిగుతున్నట్టుగా ఉన్నా బెల్టు బిగించడం ఆ మంటకు గాలి విసరడమే. అలాంటప్పుడు బెల్టు విప్పి డాక్టరుకు చూపించుకోవాలి.

ఇక ఎంపిక. ముందుగా చెప్పాల్సింది, ఈ బెల్టులకు ఒత్తిడి అంకె ఉండదు. కాళ్ళ నరాలు ఉబ్బినవారికి ఇచ్చే బిగువు మేజోళ్ళ మీద ఎన్ని మిల్లీమీటర్ల ఒత్తిడో రాసి ఉంటుంది. పొట్ట బెల్టును మాత్రం నడుం కొలతతో, ఎస్, ఎం, ఎల్ అక్షరాలతో అమ్ముతారు. అందుకని ఒత్తిడి లెక్క కొనేవాళ్ళే చూసుకోవాలి. పైన వేసిన లెక్కలోనే బెల్టు వెడల్పు 23 నుంచి 10 సెంటీమీటర్లకు తగ్గిస్తే, అదే లాగుడుకు ఒత్తిడి 6 నుంచి 14 మిల్లీమీటర్లవుతుంది. అంటే సన్నటి పట్టీ కోస్తుంది, వెడల్పుది పంచుతుంది. సన్నటి నడుముకు అదే బిగువు ఎక్కువ నొక్కుతుంది. నిజమైన పొట్ట గొట్టంలా గుండ్రంగా ఉండదు కాబట్టి చదునుగా ఉన్న ముందు భాగాన తక్కువగా, వంపు తిరిగిన తుంటి అంచుల దగ్గర ఎక్కువగా ఒరుసుకుంటుంది, గీతలు పడేది అక్కడే. మూడు నాలుగు పట్టీలు కలిపి కుట్టిన మామూలు వెడల్పాటి ఎలాస్టిక్ బెల్టు చాలామందికి సరిపోతుంది. గర్భానికి ముందున్న సైజు చూసి కొనడం తప్పు, కాన్పు అయ్యాక పొట్ట మీద టేపు పెట్టి కొలవాలి. నెల తిరక్కుండా ఆ కొలత తగ్గిపోతుంది కాబట్టి వెల్క్రో అతికే జాగా ఎక్కువున్నది తీసుకోవాలి. సిజేరియన్ గాటు సాధారణంగా పొత్తికడుపు అడుగున అడ్డంగా ఉంటుంది, హెర్మన్ ఫానెన్‌స్టీల్ 1900లో వివరించిన గాటు అది. బెల్టు కింది అంచు సరిగ్గా దాని మీదే పడితే రాపిడి, చెమట, పుండు. అంచు గాటును దాటి కిందికి, తుంటి ఎముకలను కప్పేలా ఉండాలి, లోపల పలచటి నూలు బనీనో గుడ్డో వేసుకోవాలి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో నియోప్రీన్ బెల్టు కట్టుకోవడం ఒంటికి రెక్సిన్ తొడుక్కోవడమే. గాలి ఆడే నేత, ఉతుక్కోవడానికి మార్చి మార్చి వాడే రెండో బెల్టు, ఈ రెండూ ఖరీదైన బ్రాండు కన్నా మేలు. ఎముకల్లా గట్టి కడ్డీలున్నవీ, కొక్కేలతో వరసలుగా బిగించే నడుం సన్నబరిచే కార్సెట్లూ పాలిచ్చే తల్లి వంగి కూర్చునే పనికి పనికిరావు. వాటి లక్ష్యం ఆసరా కాదు, అద్దం.

కట్టుకునేటప్పుడు వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, కింది అంచు నుంచి పైకి అతికించాలి. మలయా మంత్రసానులూ, రక్తస్రావపు కవచం చేసినవారూ కింది నుంచే మొదలుపెట్టడం ఊరికే కాదు, పైనుంచి మొదలుపెడితే లోపలున్నదంతా కిందికే తోసినట్టవుతుంది. కట్టుకున్నాక నిండా ఊపిరి పీల్చగలగాలి, బెల్టుకూ ఒంటికీ మధ్య అరచెయ్యి దూరాలి, కూర్చుంటే అన్నం పైకి తన్నకూడదు. పడుకున్నప్పుడు ఆసరాతో పని లేదు, విప్పేయాలి. లేచి తిరిగేటప్పుడు, ఆటోలో ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు, దగ్గు పట్టినప్పుడు దాని అవసరం. జ్వరం, గాటు నుంచి చీము, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టడం, పాడ్ వెంటనే తడిసిపోయేంత రక్తం, వీటిలో ఏది కనిపించినా బెల్టు బిగించి చూద్దామనుకోకూడదు, ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి. కాన్పయిన ఆరు వారాలకు డాక్టరుకు చూపించుకోవడానికి వెళ్తారు కదా, అప్పుడు బల్ల మీద పడుకుని తల కొంచెం ఎత్తి, బొడ్డు పైనా కిందా ఎన్ని వేళ్ళు దిగుతున్నాయో చూడమని అడగవచ్చు. రెండున్నర, మూడు వేళ్ళు దిగినా, లేచేటప్పుడు పొట్ట మధ్య గుట్టలా పొంగినా, రాయించుకోవాల్సింది ఇంకో సైజు బెల్టు కాదు, ఫిజియోథెరపీకి చీటీ.